సరోతాకు అరవై కిలోల మోటరు

అహ్మద్ అలీకి పిచ్చి ఉన్నదని నకిరేకల్ల అందరికీ ఎరుకే. ఎంత పిచ్చో మాత్రం నాకొక్కనికే ఎరుక. ఆయన మోటర్ల వైండింగ్ షాపుకు, నా వెల్డింగ్ షాపుకు నడుమ ఉన్నది ఒక్క రేకు. ఆ రేకును సుత్తెతోని ఒక దెబ్బ కొడితే "దామోదర్ భాయ్, ఒకసారి రా" అని. రెండు దెబ్బలు కొడితే "ఛాయ్ చెప్పు" అని. పద్దెనిమిదేండ్ల సంది గదే బతుకు. మా ఇంటామె రూప ఏదన్న చెప్తే నాకు సగమే వినబడుతది, వినబడని సగం పాపం అలీ భాయ్‌దే.

ఒక్క మాట ముందే చెప్త. పని కాడ మాత్రం ఆయన గొప్పోడు. కాలిపోయిన బోరు మోటరు తెచ్చి ముందు పెడితే పానా పట్టకముందే ముక్కు పెట్టి వాసన చూస్తడు. "ఇది ఓల్టేజ్ తక్కువై కాలింది. గిది బోరుల నీళ్లు లేక కాలింది. గిది నువ్వు ఆన్ చేసి ఇంట్ల పండుకుంటే కాలింది, అబద్ధం చెప్పకు" అంటడు. రైతు తల దించుకుంటడు. ముప్పై అయిదేండ్లు చుట్టుపక్కల ఊర్ల మోటర్లన్నీ ఆయన చేతిలకెల్లి పోయినయ్. ఇంకో అలవాటు కూడా ఉండె. ఎవడన్న అయిదు హెచ్‌పీ మోటరు సరిపోతదా అంటే "ఏడున్నర పెట్టు" అంటడు. లైను చివర పొలాలకు ఓల్టేజ్ సక్కగ రాదు కాబట్టి ఒక సైజు పైది పెట్టుడే మా దిక్కు శాస్త్రం. ఆయనకైతే అది శాస్త్రం గాదు, దీన్, మతం లెక్క!

తెలంగాణ వచ్చినంక ఇరవై నాలుగ్గంటల కరెంటు ఇచ్చిన్రు. జిల్లా మొత్తం సంబురపడ్డది, మొహం మాడ్చుకున్నోళ్లు వైండింగోళ్లే. మోటర్లు కాలుడు తగ్గె, గిరాకీ తగ్గె, అలీ భాయ్‌కి పొద్దుపోకచ్చె. పొద్దుపోనోడు పేకాడొచ్చు, రాజకీయం మాట్లాడొచ్చు. ఈయన మిషన్లు కనిపెట్టుడు మొదలుపెట్టిండు. రొట్టె తిప్పే మిషన్ చేసిండు, అది రొట్టెను పక్కింటి గోడకు కొట్టింది. మా షాపుల ముందుండే గుర్వమ్మ కూరగాయల బండి మీద నీళ్లు చల్లే మిషన్ చేసిండు, టమాటలన్నీ బాగున్నయ్ గానీ గుర్వమ్మకు జలుబు పట్టింది. వారం దినాలు ఆమె మా ఇద్దరినీ కలిపి తిట్టింది. నేనేం జేసిన? ఇనుప పైపు వెల్డింగ్ చేసిన, గంతే!

ఇదంతా నవ్వులాట. తర్వాత నవ్వులాట బందయింది.

ఆయన ఇంటామె అజ్మత్ బీ. నేను వదినె అంటా. వదినె సుపారీ, అంటే వక్కలు, కోస్తదంటే హైవే మీద సూర్యాపేట దాంక ఆమె చుట్టాలందరికీ ఎరుకే. అడకత్తెరను వాళ్లింట్ల సరోతా అంటరు. పెద్దదీ, ఇత్తడి పిడిదీ, వాళ్లమ్మ ఇచ్చింది. వాళ్ల దిక్కు పెండ్లయితదంటే ముందురోజు ఆడోళ్లంతా చుట్టూ కూసుంటరు, పాన్‌లల్లకు సుపారీ కోస్తరు. నడుమ వదినె కూసుంటది. ఆమె కోసిన ముక్కను ఎండకు పట్టి చూస్తే అవతల మనిషి కనబడేటంత పలుచగ ఉంటది. కోసుకుంటనే ఒకామె కోడలు సంగతి తీస్తది, ఇంకొకామె మొగని సంగతి తీస్తది, అందరినీ నవ్విస్తది, ఇద్దరిని ఏడిపిస్తది. సరోతా చేతిలుంటే వదినె ఆ అర్రకు కలెక్టరు.

పోయినేడు ఎండాకాలం పొద్దుగాల బాసన్లు తోముకుంట పడిపోయింది. పక్షవాతం. నల్లగొండ దవాఖానల పది రోజులున్నది. కాలు జర జర వచ్చింది, మాట మొత్తం వచ్చింది, కుడి చెయ్యి రాలే. ఆ చెయ్యి ఒళ్లె పెట్టుకొని కూసుంటది, అది ఎవరిదో పరాయోళ్ల వస్తువు పెట్టుకున్నట్టు. మాట వచ్చినా మాట్లాడుడు మానేసింది. ఎవరన్న చూడనీకి వస్తే లోపలి అర్రలకు పోయి తలుపేసుకుంటది.

గట్ల ఏడు నెలలు గడిచినంక వాళ్ల చిన్నబిడ్డ ఉమేరా పెండ్లి కుదిరింది. ఉమేరా ఇక్కడనే మందుల షాపుల పనిచేస్తది, గట్టి పిల్ల, సొంతంగ సంపాయించుకొని సొంతంగ షాదీ బట్టలు కొనుక్కున్నది. తారీఖు పెట్టుకున్నంక వదినె ఒక్కటే మాట అన్నది. "నేను బయటికి రాను. అందరి నడుమ బియ్యం బస్తా లెక్క కూసోను. లోపలి అర్రల్నే ఉండి దువా చేస్త."

తల్లి లేకుండ బిడ్డ పెండ్లా? చుట్టాలు చెప్పిన్రు, ఇమామ్ సాబ్ చెప్పి పంపిండు, రూప పోయి గంటసేపు బతిమాలింది. ఊఁహూఁ. ఉమేరా ఏమనలే గానీ మందుల షాపుల చిల్లర లెక్కపెట్టుకుంట ఏడ్వవట్టిందని రూప చూసొచ్చి చెప్పింది.

తెల్లారి రేకు మీద ఒక దెబ్బ పడ్డది. పోయిన. అలీ భాయ్ బల్ల మీద సరోతా, ఒక సంచెడు సుపారీలు పెట్టుకొని కూసున్నడు.

"దామోదర్ భాయ్, దీనికి మోటరు పెడదాం" అన్నడు.

"నీకు మోటరు పెట్టాలె, నెత్తికి!" అన్న. నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. "ఆమె చెయ్యి పోయిందని ఏడుస్తాంటే మిషన్ పట్టుకొని పోతవా?"

"సుపారీ కోసేటోళ్లే రాకుంటే పెండ్లి ఎట్లయితదని అడుగుత. కోస్త అంటే బయట కూసోవాలె గదా?" అన్నడు. నేను బల్ల మీది సరోతా చేతిలకు తీసుకున్న. పెండ్లికి నెలన్నర టైమున్నది.

ముందు సుపారీ తెగనీకి ఎంత బలం కావాల్నో చూసినం. సరోతా ఒక పిడిని నా బల్లకున్న ఇనుప వైస్‌ల బిగించి, రెండో పిడి చివర సంచి కట్టి, గుర్వమ్మ కాడికెల్లి తూకం రాళ్లు అడుక్కొచ్చి ఒక్కొక్కటే వేసినం. ఒకటి పదకొండు కిలోలకు తెగింది, ఒకటి పదమూడుకు, ఒక మొండిది పద్నాలుగుకు. పద్నాలుగు కిలోల బలాన్ని వదినె ఒక్క చేత్తోని, ముచ్చట పెట్టుకుంట, దినమంతా వాడింది. మేమిద్దరం మొగోళ్లం, చెరికొన్ని చేత్తోని కోసి చూసినం. మూడో సుపారీకి నా బొటనవేలు పనిచేయలే.

"లారీ వైపర్ మోటరు పెడదాం, నా కాడ పాతది ఉన్నది" అన్న. పెట్టినం. బలం మస్తున్నది గానీ దానికి ఆగుడు తెల్వదు. సరోతాను ఠప్పున మూసింది, సుపారీ నాలుగు ముక్కలై ఒకటి వచ్చి నా నొసట మీద తాకింది. ఇప్పటికీ మచ్చున్నది, ఎవరన్న అడిగితే వెల్డింగ్ కాడ తాకిందని చెప్త.

"మనకు ఆగేది కావాలె. ఇంత అంటే ఇంతే పోయేది" అన్నడు అలీ భాయ్. ఫోన్ల వీడియోలు చూసి చూసి సర్వో మోటరు అనేదొకటి పట్టుకున్నడు. మామూలు మోటరు కరెంటిస్తే తిరుగుతనే ఉంటది. సర్వో గట్ల గాదు, తను యాడ ఉన్నదో తనకు ఎరుకుంటది. రేడియో సౌండు పెంచేటిదాని లెక్క చిన్న బిరడా ఒకటి ఇస్తరు, దాన్ని ఎంత తిప్పితే మోటరు అంతే తిరిగి ఆన్నే నిలబడుతది. చేత్తోని నూకినా మళ్ల అదే జాగాకు వస్తది. బొమ్మ చేతులకు, చిన్న చిన్న రోబోలకు పెడుతరట.

బస్సెక్కి హైదరాబాద్ పోయిండు, కోఠిల ఆ సామాన్లు అమ్మే గల్లీకి. దుకాణపాయన ముందు బల్ల మీద ఒక సుపారీ పెట్టి "దీన్ని కోసే మోటరియ్యి" అన్నడట.

"చాచా, పాన్‌డబ్బా పక్క గల్లీల ఉన్నది" అన్నడట ఆయన.

నవ్వుకుంటనే ఎంత బలం కావాలె అని అడిగితే ఈయన పద్నాలుగు కిలోలు అన్నడు. పదిహేను కిలోలది ఉన్నదంటే మన శాస్త్రం బయటికి తీసిండు, "ఇరవైది ఇయ్యి, ఒక సైజు పైదే మంచిది." ఛాతీ ఇంత చేసుకొని తిరిగొచ్చిండు.

సరోతాకు బిగించి, సుపారీ పెట్టి, బిరడా తిప్పినం. మోటరు మూలిగింది. సుపారీ మీద గీత కూడ పడలే. ఇంకా తిప్పినం, మోటరు వేడెక్కి వాసన కొట్టింది. ముప్పై అయిదేండ్లు మంది మోటర్ల వాసన చూసినోడు తన మోటరు వాసన చూసి బిత్తరపోయిండు.

"మోసం జేసిండు! ఇరవై కిలోలని రాసి పెట్టిండు!" అని లొల్లి.

నేను డబ్బా తీసుకొని చదివిన. కిలో పక్కన సెంటీమీటరు అని చిన్నగ ఉన్నది. అక్కడ నాకు అర్థమయింది, ఎందుకంటే నేను దినమంతా నట్టులు విప్పేటోన్ని. "ఓ పెద్దమనిషీ, పొడుగు పానాతోని నట్టు అల్కగ ఎందుకు వస్తది? దూరం ఎక్కువ కాబట్టి. ఇక్కడ ఉల్టా. ఇరుసుకు ఒక సెంటీమీటర్ దూరంల అది ఇరవై కిలోలు నూకుతది. మనం మోటరుకు పెట్టిన ఇనుప చెయ్యి నాలుగు సెంటీమీటర్లు. నాలుగో వంతే వస్తది, అయిదు కిలోలు. పద్నాలుగు కావాల్సిన కాడ అయిదు పెట్టి మళ్ల ఒక సైజు పైది అంటున్నవ్!"

చెయ్యి పొట్టిగ చేద్దామంటే సరోతా సుపారీ పట్టేటంత తెరుసుకోదు. అలీ భాయ్ ఛాయ్ తాగి, సరోతానే సంచిల వేసుకొని, మళ్ల బస్సెక్కిండు. ఈసారి నేను కూడ పోయిన, నమ్మకం లేక.

దుకాణపాయన నాలుగు మోటర్లు తీసి పరిచిండు. అన్నిటికన్న పెద్దది ఎనభై కిలోలది. నేను "అదే తీసుకో, ఒక సైజు పైది" అన్న, ఎగతాళికే. అలీ భాయ్ ఒక్కొక్కదానికి కరెంటు పెట్టించి, దాని చెయ్యి వేళ్లతోని పట్టుకొని అటూ ఇటూ కదిపి చూడవట్టిండు, బేరింగు అరిగిన మోటరును చూసినట్టు. ఎనభైది లోపలి గేరు పళ్ల కాడ లూజున్నది, వెంట్రుకంత. ఒక చిన్నదాంట్ల పళ్లు ప్లాస్టిక్‌వి. అరవై కిలోలది మాత్రం రాయి లెక్క నిలబడ్డది, లోపల ఇనుప పళ్లు. బిరడా జరంత తిప్పితే జరంతే పోయింది, వాపసు తిప్పితే అంతే వాపసు వచ్చింది. పదిసార్లు తిప్పి చూసిండు. నాలుగో వంతు లెక్కన పదిహేను కిలోలు వస్తది. మొండి సుపారీకి పద్నాలుగు.

"ఒక్క కిలోనే ఎక్కువ ఉంటది చాచా, ఎనభైది తీసుకో" అన్నడు దుకాణపాయన.

"వద్దు. ఇది మనిషి కాడ ఉండాల్సిన కత్తి. వెంట్రుకంత లూజున్నా వద్దు" అన్నడు అలీ భాయ్. జీవితంల మొదటిసారి ఒక సైజు పైది వద్దన్నడు. నేను అంత మంది నడుమ ఆయన భుజం మీద చెయ్యి వేసిన, ఎందుకో నాకే తెల్వదు.

షాపుకొచ్చి బిగించి కరెంటిస్తే ఆ మోటరు గజగజ వణుకవట్టింది. ఇన్ని పైసలు పోసి జ్వరమొచ్చిన మోటరు తెచ్చినమా అని నేను నెత్తి పట్టుకున్న. అలీ భాయ్ మాత్రం నవ్విండు. "లైను చివర మోటరు గిట్లనే వణుకుతది. దీనికి ఓల్టేజ్ చాలుతలేదు" అన్నడు. దారంత సన్నటి వైర్లు పీకేసి బోరు మోటరుకు వేసే మందం వైరు వేసిండు, కరెంటిచ్చే డబ్బా పెద్దది పెట్టిండు. వణుకుడు బందయింది. సరోతా మెల్లగ దిగి సుపారీని కోసింది. ముక్క ఎండకు పట్టి చూస్తే గుర్వమ్మ బండి కనబడ్డది.

ఇగ ఆగుతడా? బిరడా తీసి పక్కన పడేసి టైమరు పెట్టిండు. పైన గరాటు పెట్టిండు. స్విచ్ వేస్తే సుపారీ దానంతటదే జారుతది, దానంతటదే తెగుతది, కింద గిన్నెల పడుతది. మనిషి వేలు పెట్టే పనే లేదు. పచ్చ రంగు కూడ వేసిండు. ఇద్దరం మోసుకపోయి వదినె ముందట పెట్టినం.

ఆమె ఒక గిన్నెడు తెగేదాంక చూసింది. మేమేమో సర్కస్ చూపించినోళ్ల లెక్క నిలబడ్డం.

"అదే కోస్తే నేనెందుకు?" అన్నది వదినె. "దాన్నే పెండ్లిల కూసోబెట్టున్రి. చీర కట్టున్రి."

ఆమె ఉర్దూల ఇంకా మస్తు అన్నది, నేను పద్ధతిగ ఉన్నది ఒక్కటే చెప్తున్న. అలీ భాయ్ నేల మీద కూసున్నడు. ఆయన గట్ల కూసునుడు నేనెన్నడు చూడలే, దవాఖానల కూడ. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద గాదు, మా మీద. రెండు గాడిదలం. నెలరోజులు ఆమె పని ఆమె చేతిలకెల్లి గుంజుకునే మిషన్ చేసినం. "ఆ బిరడా ఏది?" అన్న అలీ భాయ్‌తోని. సంచిల ఉన్నది. టైమరు, పైన గరాటు పీకేసి బిరడా తగిలిచ్చి వదినె ఎడమ చేతిల పెట్టిన.

"తిప్పి చూడు వదినె. జరంతే."

జరంత తిప్పింది. కత్తి జరంత దిగింది. వాపసు తిప్పింది, లేచింది. మళ్ల దించింది, నడుమ ఆపింది, ఆన్నే నిలబెట్టింది. ఆమె మొహం మారింది.

"సుపారీ పట్టుకో" అన్నది మొగనితోని.

అలీ భాయ్ నా దిక్కు చూసిండు. గరాటు పీకేసినం కాబట్టి సుపారీని వేళ్లతోనే పట్టాలె, వేళ్లు కత్తి కిందనే ఉంటయ్. నలభై ఏండ్ల సంసారం, ఆమెకు ఆయన మీద ఎన్ని కోపాలున్నయో! పట్టుకున్నడు, కండ్లు మూసుకొని. మొదటి ముక్క రూపాయి బిళ్లంత మందం పడ్డది, రెండోది వంకరపోయింది. ఆరో ముక్కకు ఆయన వేలు కొన జర గీసుకపోయింది. "హాయ్ అల్లా!" అని ఎగిరిండు. వదినె నవ్వింది. తొమ్మిది నెలల తర్వాత, నోరు తెరిచి, మంచం కోడు పట్టుకొని నవ్వింది. లోపలికెల్లి ఉమేరా ఉరికొచ్చి మా అందరినీ చూసి తనూ నవ్వవట్టింది, ఎందుకో అడుగకుండనే.

"సుపారీ నేనే పట్టుకుంట" అన్నది వదినె. "చెయ్యొక్కటే ఉన్నది కదా, ఈ బిరడా తిప్పనీకి బదులు వేరే ఏదన్న చూడున్రి."

"వేలు పోతది" అన్నడు అలీ భాయ్.

"నలభై ఏండ్లు పోలే. నీ మిషన్ చెప్పినట్టు వింటదా, వినదా?"

"వింటది" అన్నడాయన. ఆ ఒక్క మాట ఎంత ధైర్యంగ అన్నడంటే, ఎనభై కిలోలది కొనుంటే అనకపోతుండె.

నేను టైలర్ పరశురాములు కాడ కరెంటు కుట్టుమిషన్‌ది పాత పెడల్ తెచ్చిన. బిరడా చేసే పనే పెడల్ చేస్తది, ఎంత తొక్కితే అంత. వదినె ఎడమ కాలు మంచిదే. కుర్చీల కూసొని, ఎడమ చేత్తోని సుపారీ పట్టుకొని, ఎడమ కాలుతోని తొక్కుడు నేర్సుకున్నది. పన్నెండు రోజులు నేర్సుకున్నది. వాళ్ల వాడల పాన్ తిననోళ్లకు కూడ సుపారీ పంపింది.

పెండ్లి ముందురోజు ఇంటి ముందట టెంటు వేసిన్రు, నడుమ తెర కట్టిన్రు, అటు దిక్కు ఆడోళ్లు. వదినె వస్తదా రాదా అని పొద్దటి సంది అలీ భాయ్ ఒక్క జాగాల నిలబడలే. చెప్పులు యాడ ఇడిసిండో ఆయనకే తెల్వదు. పదకొండింటికి లోపలి అర్ర తలుపు తెరుసుకున్నది. ఉమేరా చెయ్యి పట్టుకొని, గులాబి రంగు చీరల, జర కాలు ఈడ్సుకుంట వదినె నడిసొచ్చింది. తెర అవతలికి పోయింది.

అటు దిక్కు సంగతి రూప చెప్పింది. ఆమె రాంగనే ముసలోళ్లు అయ్యో పాపం అని మొదలుపెట్టిన్రట. ఆడబిడ్డ ఒకామె "నువ్వు కూసో అక్కా, మేం కోస్తం" అని సుపారీల గిన్నె తన దిక్కు గుంజుకున్నదట. "చెయ్యి తియ్యి, వేలు పోతది" అన్నదట వదినె. పెడల్ తొక్కిందట. మొదటి ముక్కను ఎండకు పట్టి, దాంట్లకెల్లి ఆ ఆడబిడ్డను చూసి, "నీ కోడలు తల్లిగారింటికెల్లి ఇంకా వాపసు రాలేదా?" అని అడిగిందట.

ఇవతల మాకు వినబడ్డది ఒక్కటే, టక్, టక్, టక్. నడుమ నడుమ ఆడోళ్ల నవ్వు. అలీ భాయ్ తెర కాడనే నిలబడ్డడు. మొగోళ్లు పిలిస్తే పోలే, బిర్యానీ ఉడుకుతున్న డేగ్ కాడికి రమ్మంటే పోలే. కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయ్, తుడుసుకుంట లేడు. నేను కూడ ఆన్నే నిలబడ్డ.

రెండు గంటలకు టక్ టక్ బందయింది. నా పానం పోయింది, మోటరు ఆగిపోయిందా అని. గప్పుడు లోపలికెల్లి వదినె గొంతు, టెంటు మొత్తానికి వినబడేటట్టు.

"ఓ జీ! సుపారీ ఒడిసింది! ఆడ నిలబడి ఏం జూస్తున్నవ్? ఇంకో రెండు కిలోలు తే!"

పంపనీకి ఆన్న యాభై మంది ఉండిరి. ఆయన ఎవరికీ చెప్పలే. ఒట్టి కాళ్లతోని, ఎండల, కొత్త షేర్వానీ ఎత్తి పట్టుకొని రోడ్డు మీద ఉరికిండు. నేను చెప్పులు పట్టుకొని ఎనుక ఉరికిన. కిరాణం కాడ నలుగురు నిలబడి ఉన్నరు, ఆయన వాళ్లను నూకుకుంట ముందటికి పోయి బల్ల మీద కొట్టిండు.

"రెండు కిలోల సుపారీ ఇయ్యి, జల్దీ! మా ఇంటామె కోస్తాంది!"